కోటిపల్లి స్టేషన్‌: గోదారి దాటితేనే గమ్యం

కోటిపల్లి: గౌతమీ గోదావరి చేరువలో రైలు పట్టాలు ముగిసే చోట కోటిపల్లి స్టేషన్‌ ఉంది. ఒకసారి పట్టాలు వేశారు, పన్నెండేళ్లకే పీకేశారు. అరవై నాలుగేళ్ల నిరీక్షణ ఫలించి మళ్లీ వేశారు. పదహారేళ్లు తిరగక మునుపే, 2020లో ప్రయాణికుల సేవ మళ్లీ నిలిచిపోయింది. ఎక్కేవారు లేని మార్గానికి రైలెందుకన్న వాదన తరచూ వినిపిస్తోంది. అయితే నది దాటని రైలుకు ఆదరణ కరవైతే ఆ తప్పు ప్రయాణికులదా, సగంలో ఆగిన ప్రణాళికదా అన్నది ఆలోచించవలసిన విషయం.

యుద్ధానికి బలైన మార్గం

కాకినాడ నుంచి కోటిపల్లికి సుమారు 45 కిలోమీటర్ల రైలుమార్గాన్ని 1928లో ఆంగ్లేయుల హయాంలో నిర్మించారు. రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా సాగే ఈ దారి వరి పండే మాగాణి గుండా వెళ్లి నదీతీరాన ఆగుతుంది. ఆవలి ఒడ్డున ముక్తేశ్వరం, ఆపైన అమలాపురం. గౌతమికి, వశిష్ఠకు, సముద్రానికి మధ్యనున్న కోనసీమకు కోటిపల్లి రేవు ముఖద్వారం వంటిది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో, యుద్ధ అవసరాల పేరిట ఈ పట్టాలను తొలగించారు. యుద్ధం ముగిసింది, స్వరాజ్యం వచ్చింది, పట్టాలు మాత్రం తిరిగి రాలేదు.

బాలయోగి హయాంలో కదలిక

అమలాపురం ఎంపీగా, లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన జి.ఎం.సి.బాలయోగి కోనసీమకు రైలు కోసం గట్టిగా పట్టుబట్టారు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నర్సాపురం వరకు 57 కిలోమీటర్ల కొత్త మార్గానికి 2000-01లో మంజూరు లభించింది. 2002 మార్చిలో హెలికాప్టర్‌ ప్రమాదంలో ఆయన మరణించారు. పునర్నిర్మించిన కాకినాడ-కోటిపల్లి మార్గం 2004లో సిద్ధమైంది. 2003 గోదావరి పుష్కరాలకు మాత్రం ఏడాది తేడాతో అందలేదు.

రైలుబస్సుతో సరి

మార్గం సిద్ధమైనా దానికి దక్కింది రైలుబస్సు మాత్రమే. పరిమిత వేళల్లో నడిచే ఈ చిన్న బండి సామాన్యునికి చవక ప్రయాణమే అయినా అవసరాలకు సరితూగలేదు. కాకినాడ ప్రభుత్వాసుపత్రికి వెళ్లే రోగికీ, కళాశాలకు వెళ్లే విద్యార్థికీ కావలసింది ఉదయం సకాలంలో చేర్చి సాయంత్రం ఇంటికి తెచ్చే బండి. అది తప్పితే మరోటి లేనప్పుడు, రోజంతా ఊరి నడుమ ఆగే బస్సునే జనం నమ్ముకుంటారు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో దేశమంతటా రైళ్లు నిలిచాయి. ఇతర మార్గాల్లో బండ్లు క్రమంగా పునఃప్రారంభమైనా ఈ రైలుబస్సు ఏళ్లు గడిచినా పట్టాలెక్కలేదు.

సగం దారి లెక్క

నిర్వహణ ఖర్చు రాని మార్గంలో బండి నడపడం భారమన్న రైల్వే వాదనను తోసిపుచ్చలేం. సిబ్బంది, పట్టాల సంరక్షణ, గేట్ల కాపలా అన్నీ ఖర్చుతో కూడినవే. అయితే కోటిపల్లిని ఆఖరి స్టేషన్‌గా తీసుకుంటే వచ్చే లెక్క వేరు, మధ్య స్టేషన్‌గా తీసుకుంటే వచ్చే లెక్క వేరు. నేడు కాకినాడ నుంచి నర్సాపురానికి రైలులో వెళ్లాలంటే సామర్లకోట, రాజమండ్రి, నిడదవోలు, భీమవరం చుట్టి రావాలి. కోటిపల్లి మీదుగా అయితే మొత్తం 102 కిలోమీటర్లే. విశాఖ-విజయవాడ ప్రధాన మార్గానికి తీరం వెంబడి మరో దారి ఏర్పడుతుంది. లారీలనే నమ్ముకున్న కోనసీమ కొబ్బరికి, అరటికి, ధాన్యానికి కొత్త రవాణా దొరుకుతుంది. ఇవేవీ రేవు దగ్గరే ఆగే రైలుబస్సు టికెట్ల లెక్కలో కనిపించవు.

ఆ వంతెనలే కీలకం. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు మూడింటినీ దాటాలి. ప్రాజెక్టు వ్యయంలో నాలుగో వంతు రాష్ట్రం భరించాలన్నది ఒప్పందం. రాష్ట్ర వాటా విడుదలలో జాప్యం, భూసేకరణ చిక్కులు, ఏటా అరకొర కేటాయింపులు కలిసి పనులను పాతికేళ్లు సాగదీశాయి. అంచనా వ్యయం రెండు వేల కోట్ల రూపాయలు దాటింది. నదిలో స్తంభాలు లేచినా అవతలి ఒడ్డుకు పోవలసినవారు పంటునో, చుట్టుదారినో ఆశ్రయించక తప్పలేదు. వరద వస్తే ఆ పంటూ ఆగిపోతుంది.

పుష్కరాలే గడువు కావాలి

2022 జిల్లాల విభజనతో ఈ చిన్న మార్గం కాకినాడ, కోనసీమ జిల్లాల మధ్య చీలింది. ఏ ఒక్క జిల్లా యంత్రాంగానికీ పూర్తిగా చెందనిది ఎవరికీ పట్టనిదిగా మారే ప్రమాదముంది. అందుచేత రెండు జిల్లాల ప్రజాప్రతినిధులు కలసి అడగవలసినవి మూడున్నాయి. వంతెనలు పూర్తయ్యేవరకు వేచి చూడకుండా కాకినాడ-కోటిపల్లి మధ్య ఉదయం, సాయంత్రం బండి నడపాలి. కాకినాడ టౌన్‌లో దూరప్రాంత రైళ్ల వేళలతో దానిని ముడిపెట్టాలి. రాష్ట్ర వాటాకు ఏటా బడ్జెట్‌లో స్పష్టమైన పద్దు చూపాలి.

2027లో గోదావరి పుష్కరాలు. ద్రాక్షారామ భీమేశ్వరుని, కోటిపల్లి సోమేశ్వరుని దర్శనానికీ, పుష్కర స్నానానికీ వచ్చే జనం రద్దీని రోడ్లొక్కటే మోయలేవు. కనీసం ఆనాటికైనా ఈ పట్టాలు పనికి రావాలి. వాడకంలో లేని పట్టాలకు పట్టే గతి ఏమిటో కోటిపల్లికి 1940లోనే తెలిసింది. మరోమారు తెలియవలసిన అవసరం లేదు.