గేటు బయటనే ఆగిన చట్టం

2025 జూన్ 30 పొద్దున పాశమైలారంల సిగాచి ఫ్యాక్టరీ పేలింది. 46 మంది శవాలో, శవాల ముక్కలో దొరికినయ్. ఇంకో ఎనిమిది మంది ఆనవాలు కూడా దొరకలె. బిహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్టచేత పట్టుకొని వచ్చిన బిడ్డలే అందుల ఎక్కువ. ఆ పూట లోపల ఎవరెవరు ఉన్నరో లెక్క తేలడానికే రోజులు పట్టింది.

మనకిది కొత్తనా? పాలమూరు లేబర్ గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని దేశమంతా డ్యాములు కట్టిన్రు. వలస కార్మికునికి పాస్‌బుక్ ఇయ్యాలని 1979 చట్టం చెప్పింది. ఆ పాస్‌బుక్ కండ్లజూసినోళ్లు ఎంతమంది? నాడు మనోళ్లకు జరిగిందే నేడు మన గడ్డ మీద ఇంకొకళ్లకు జరుగుతున్నది.

పేలుడు జరిగిన ఐదు రోజులకే, జూలై 5న, వాణిజ్య సంస్థల్ల రోజుకు పది గంటల పనికి రాష్ట్ర సర్కారు జీవో ఇచ్చింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైం ఇయ్యాలన్నది. సరే, ఆ గంటలు లెక్కబెట్టేదెవరు?

ముందు కబురు లేకుండా, పగలైనా రాత్రైనా ఇన్‌స్పెక్టర్ లోపలికి పోవచ్చని అంతర్జాతీయ కార్మిక సంస్థ 81వ ఒడంబడిక చెప్తది. 1949లనే మన దేశం దాన్ని ఆమోదించింది. ఇన్‌స్పెక్టర్లు మామూళ్లు తింటరని యజమానులంటరు. తినేటోళ్లు లేరని మేమూ అనం. లంచగొండి పోలీసు ఉన్నడని ఠాణాకు తాళమేస్తమా?

2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన నాలుగు కోడ్‌లు చేసింది దాదాపు అదే. 29 చట్టాలను మింగినయ్. ఇన్‌స్పెక్టర్ పేరుకు ఫెసిలిటేటర్ అనే తోక తగిలించిన్రు. ఏ ఫ్యాక్టరీకి పోవాల్నో కంప్యూటర్ చెప్తదట. కరెంటుతో నడిచే చోట పది మంది కార్మికులుంటే ఫ్యాక్టరీ అనేటోళ్లు, ఇప్పుడు ఇరవై మంది ఉండాలె. సర్కారును అడగకుండ కార్మికులను తీసేసే హద్దు వంద నుంచి మూడు వందలకు పోయింది. ఇదివరకు ప్రజావసర సేవలకే ఉన్న 14 రోజుల సమ్మె నోటీసు ఇప్పుడు అందరి నెత్తిన పడ్డది.

కాంట్రాక్టు కార్మికుడు యూనియన్ పేరెత్తితే తెల్లారి గేటు పాస్ ఉండదు. పర్మనెంటోళ్ల సంఘాలు గూడ వాళ్లను తమోళ్లనుకోలె. ఈ మాట మనవాళ్లకు చేదుగానే ఉంటది. 2011ల సకల జనుల సమ్మెను 42 రోజులు నడిపిన ఉద్యోగులకు సంఘం బలమేందో మేం చెప్పాల్నా? సభ్యత్వ పుస్తకం పట్టుకొని పటాన్‌చెరు, జీడిమెట్ల కార్మికుల అద్దె గదులకు పోవాలె. హిందీ, ఒడియా వచ్చిన విద్యార్థులు వెంట నడవాలె. ప్రతి షిఫ్టుకు లోపలున్నోళ్ల పేర్లు, ఊర్లు రాసిన పట్టీ గేటు కాడ అతికించమని ముందుగాల అడగాలె.