పసిగుండెకు మత్తు డాక్టరేడీ?

మూడు కిలోల పసికందు ఒంట్లో ఉండే రక్తం పావు లీటరే. ఆపరేషన్ బల్ల మీద 25 మిల్లీలీటర్లు కారితే పదో వంతు పోయినట్టు. గుండెలో ఒకే జఠరిక పనిచేసే శిశువుకైతే ఆక్సిజన్ ఎక్కువిచ్చినా ముప్పే. ఊపిరితిత్తుల నాళాలు విచ్చుకుని రక్తమంతా అటు మళ్లుతుంది, ఒంటికి అందేది పడిపోతుంది. ఫాలో టెట్రాలజీ అనే గుండె లోపం ఉన్న బిడ్డ గుక్కపట్టి ఏడ్చి నీలంగా మారితే, మోకాళ్లు ఛాతీకి నొక్కిపట్టి, రక్తనాళాలను బిగించే మందు క్షణాల్లో ఎక్కించాలి. పెద్దవాళ్లకు మత్తిచ్చిన అనుభవం ఎంతున్నా ఇక్కడ చాలదు.

పుట్టే ప్రతి వందమందిలో దాదాపు ఒకరికి గుండె లోపం ఉంటుంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదింటి బిడ్డల ఆపరేషన్లకు డబ్బు సమకూర్చింది. 2021లో తిరుపతిలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తెరుచుకుంది. సంతోషమే. కానీ సర్జన్ పేరు చెప్పుకున్నంతగా, బిడ్డ తల దగ్గర నిలబడి ప్రతి శ్వాసనూ కాచే మత్తు డాక్టరు గురించి ఎవరూ అడగరు. ఎండీ మూడేళ్లు, కార్డియాక్ అనస్థీషియా డీఎం మరో మూడేళ్లు. ఆపైన పిల్లల గుండెల మీదే ప్రత్యేక ఫెలోషిప్ కావాలి. ముప్పై దాటిన డాక్టరు కుటుంబ భారంతో మరో ఏడాది చదవాలంటే గౌరవప్రదమైన స్టైపెండ్ ఉండాలి. రెండు తెలుగు ప్రభుత్వాలూ పిల్లల గుండె ఆపరేషన్లు ఎక్కువగా జరిగే ఆసుపత్రుల్లో ఈ ఫెలోషిప్ సీట్లు పెంచి, ఖర్చు తామే భరించాలి.