అధ్యాపకుడు లేని చదువు ఎవరి లాభం కోసం?



ఇంటిలో కూర్చొని ఫోనులోనే డిగ్రీ పొందవచ్చునన్న ప్రచారం నేడు దేశమంతటా సాగుతున్నది. రాత్రి డ్యూటీ చేసే పాయింట్స్‌మన్‌కు, బీటు తిరిగి అలసివచ్చే పోస్ట్‌మన్‌కు, వారి బిడ్డలకు ఇది గొప్ప వరమని చెబుతున్నారు.

దూరవిద్యను మేము వ్యతిరేకించడం లేదు. దానిని భుజాన మోసినది మన కార్మికులే. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఉత్తరాల ద్వారా డిగ్రీ చదువు ప్రారంభించినప్పుడు, 1982లో హైదరాబాదులో దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసినప్పుడు, పాఠాలు రైలెక్కి, పోస్ట్‌మన్ సంచిలో విద్యార్థి గుమ్మం చేరాయి. జవాబు పత్రాలు అదే దారిన వెళ్లి దిద్దుబాట్లతో తిరిగివచ్చాయి. ఆదివారపు తరగతులలో సందేహాలు తీర్చే అధ్యాపకుడు ఉండేవాడు. లోపాలు లేవని కాదు. కాని ఆవలి ఒడ్డున ఒక మనిషి ఉన్నాడు.

నేడు ఆ మనిషినే తప్పిస్తున్నారు. 2017లో కేంద్ర ప్రభుత్వం 'స్వయం' వేదికను ప్రారంభించింది. ఒక సెమిస్టరులోని కోర్సులలో 40 శాతం వరకు దాని ద్వారానే చదవవచ్చునని 2021లో యు.జి.సి. అనుమతించింది. అధ్యాపకుల ఖాళీలను ఇది నింపుతుందా, కప్పిపుచ్చుతుందా? వేలమందికి ఒకే వీడియో చూపించడం బోధన కాదు. చిరునామా లేని ఉత్తరం గతి ఏమవుతుందో తపాలా సోదరులకు వేరే చెప్పనక్కరలేదు.

హార్వర్డ్, ఎం.ఐ.టి. సంస్థలు 2012లో ప్రారంభించిన ఎడెక్స్ కోర్సుల అనుభవం చూడండి. 2019లో 'సైన్స్' పత్రిక ప్రచురించిన పరిశీలన ప్రకారం, 2017–18లో చేరిన ప్రతి నూరుమందిలో కోర్సు పూర్తిచేసినవారు సుమారు ముగ్గురే. ఉచితం గనుక ఊరికే చేరారని అంటారా? రుసుము చెల్లించినవారిలో సైతం సగానికి పైగా పూర్తిచేయలేదు. ఇది విద్యార్థుల సోమరితనమని నిందించడం అన్యాయం. పలకరించేవాడు లేని చోట నిలిచి చదవడం, అందులోను పన్నెండు గంటల డ్యూటీ తరువాత, ఎంతమందికి సాధ్యం?

మార్గం లేకపోలేదు. 1971లో తొలి విద్యార్థులను చేర్చుకొన్న బ్రిటన్ సార్వత్రిక విశ్వవిద్యాలయం చిన్న చిన్న బృందాలకు ఒక్కొక్క ట్యూటరును నియమించింది. దూరం అడ్డు కాదు. ఖర్చు పెట్టే మనసు లేకపోవడమే అడ్డు. కెమెరాలకు దొరికే డబ్బు అధ్యాపకుని జీతానికి ఎందుకు దొరకదు?

కావున మేము డిమాండ్ చేస్తున్నాము:

1. ప్రతి ముప్పై మంది విద్యార్థులకు బాధ్యుడైన ఒక అధ్యాపకుని రెగ్యులర్ వేతనంపై నియమించాలి.

2. మొదటి వారంలోనే ఆయన ప్రతి విద్యార్థితో మాట్లాడాలి. రెండు వారాలు కనిపించనివారిని తానే పలకరించాలి.

3. ప్రతి జవాబు పత్రం వ్యాఖ్యలతో తిరిగి రావాలి. మార్కులు మాత్రమే చాలవు.

4. తెలుగులో చర్చలు, అందుబాటులో అధ్యయన కేంద్రాలు ఉండాలి.

5. చదివే ఉద్యోగికి పరీక్షా సెలవు, అనువైన డ్యూటీ రోస్టరు ఇవ్వాలి.

అధ్యాపకుని ఉద్యోగం, మన బిడ్డ చదువు వేరు వేరు సమస్యలు కావు. శాఖలన్నీ సర్వసభ్య సమావేశాలు జరిపి, ఈ డిమాండ్లపై తీర్మానాలు చేసి పంపవలసినదిగా కోరుతున్నాము.