ఎనిమిది గంటల్లో తొమ్మిది చోట్లా? అమ్మానాన్నలు లాక్కుపోయే పెట్టెలు కారు



పోయిన వారం మన సంఘం వాట్సాప్ గుంపులో ఒక జాబితా తిరిగింది. టోక్యోలో విమానం మారేటప్పుడు 8 గంటలు దొరికితే చూసి రావాల్సిన 9 చోట్లంట. అసకుసా గుడి, స్కైట్రీ, అకిహబారా, చక్రవర్తి కోట, త్సుకిజి సంత, టోక్యో టవర్, మెయిజీ గుడి, హచికో కుక్క విగ్రహం, షిబుయా కూడలి. కింద దండాలే దండాలు, పూలగుత్తులు. ఒక్కరంటే ఒక్కరు ‘వీసా ఉందా సామీ?’ అని అడగలేదు. అందుకే ఈ పొడుగు రాత. పంపినాయన మీద నాకేం కోపం లేదు, మంచి మనసుతోనే పంపినాడు. కోపమంతా ఆ జాబితా మీదే.

హోసూరోళ్లకు టోక్యో గొడవ ఎందుకంటారా? బెంగళూరు నుంచి నరితాకు నేరుగా విమానం వచ్చినప్పటి నుంచి మన ఇళ్లల్లో పెద్దోళ్లు అమెరికా పిల్లల దగ్గరికి ఆ దారినే పోతున్నారు. కాన్పుకనో, మనవడి పుట్టినరోజుకనో, ఏడాదికి ఎవరో ఒకరు నరితాలో దిగుతూనే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. ఆ జాబితా నమ్మి నష్టపోయేది వాళ్లే.

నా సంగతే చెప్తాను. రెండేళ్ల కిందట అమెరికా నుంచి తిరిగొస్తా నేను, మా ఇంటామె, పెద్దోడు, మనవడు నరితాలో దిగినాం. మధ్యలో తొమ్మిది గంటల టైముంది. పెద్దోడిది, మనవడిది అమెరికా పాస్‌పోర్టు. మా ఇద్దరిదీ మన దేశానిది. పెద్దోడు ఇట్లాంటి జాబితానే ఫోన్లో పెట్టుకుని ‘రా నాన్నా, ఊరు చూసొద్దాం’ అని వరుసలో నిలబెట్టినాడు. అక్కడి అధికారి మా పాస్‌పోర్టులు రెండూ తిరగేసి చూసి, మర్యాదగా తల వంచి, వీసా లేదు, కుదరదని చెప్పినాడు. వెనక వరుసలో అంతమంది చూస్తుండగా పక్కకు జరగాల్సి వచ్చింది. మనవడు మధ్యలో నిలబడి ‘అవ్వ ఎందుకు రాకూడదు?’ అని అడుగుతా ఉంటే ఎవరూ నోరు తెరవలేదు. చివరికి మా ఇంటామే ‘మీరు పోయిరాండి, మేం కాళ్లు చాపుకుని కూర్చుంటాం’ అని వాళ్లను పంపేసింది.

ఆరు గంటల తర్వాత పెద్దోడు పిల్లోణ్ని భుజాన వేసుకుని చెమటలు కారుకుంటా తిరిగొచ్చినాడు. ఫోన్లో నాలుగు ఫోటోలు. ‘ఏం చూసినావు నాయనా?’ అని అడిగినాను. పిల్లోడు కళ్లు నలుపుకుంటా ‘రైలు చూసినా తాతా’ అన్నాడు.

ఆ జాబితా మీద నా విమర్శంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. అయినా విడమర్చి చెప్తాను.

మొదటిది వీసా. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లు గంటసేపైనా సరే నరితా గడప దాటాలంటే జపాన్ వీసా కావాలి. అమెరికా వీసా ఉంది కదా అంటే అక్కడ చెల్లదు. విమానాశ్రయంలోనే అడిగి తీసుకునే తాత్కాలిక అనుమతి ఒకటి ఉంది గానీ, ఇవ్వడం ఇవ్వకపోవడం అధికారి చేతిలో పని. దాన్ని నమ్ముకుని డెబ్బై ఏళ్ల మనిషిని వరుసలో నిలబెట్టకూడదు. 2024 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఉండేవాళ్లకు పర్యాటక వీసా ఈ-వీసాగా కూడా వస్తోంది. దాన్ని అక్కడ ఇంటర్నెట్ పెట్టుకుని ఫోన్లో అప్పటికప్పుడు తెరిచి చూపించాలి. కాగితం మీద అచ్చు తీసింది, ఫోన్లో ఫోటో తీసి దాచుకున్నది ఒప్పుకోరు. ఇంకో మెలిక ఉంది. ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చే వీసా గడువు మామూలుగా 3 నెలలే. అమెరికాలో ఐదు నెలలుండి వచ్చేవాళ్లకు తిరుగు ప్రయాణంలో అది పనికిరాదు. పోయేటప్పుడే వాడుకోవాలి.

రెండోది లెక్క. నరితా పేరుకే టోక్యో విమానాశ్రయం. నడి ఊరికి 60 కిలోమీటర్లు పైనే. మనం హోసూరు నుంచి దేవనహళ్లి పోయే బాధ మనకు తెలియందా? అక్కడ రైళ్లు బాగుంటాయి, నిజమే. స్కైలైనర్ రైలు 40 నిమిషాల్లో ఉఎనో చేరుస్తుంది. అయినా 8 గంటలు కాగితం మీద పెట్టి చూడండి. విమానం దిగి, ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ దాటేసరికి గంటన్నర. టికెట్టు, ప్లాట్‌ఫాం, రైలు కలిపి పోను గంట, రాను గంట. తర్వాతి విమానానికి రెండున్నర గంటల ముందు చేరుకోవాలి. ఆరు గంటలు అక్కడే అయిపోయినాయి. మిగిలింది రెండు గంటలు. అందులో తొమ్మిది చోట్లంటే చోటుకు పదమూడు నిమిషాలు, అదీ మధ్య దారి లెక్క లేకుండా. అసకుసా నుంచి షిబుయాకు గింజా లైను రైల్లోనే అరగంట దాటుతుంది. ఆసియాలో మొదటి భూగర్భ రైలు 1927లో నడిచింది ఆ దారిలోనే. ఎంత పాత రైలైనా, ఎంత మంచి రైలైనా కాలాన్ని సాగదీయలేదు కదా!

మరేం చేయాలి? ఊరికే కూర్చోమంటానా? అనను. మరుసటి ఏడు మేమిద్దరం వీసా తీసుకునే పోయినాం. టోక్యో జోలికి పోలేదు. విమానాశ్రయం నుంచి రైల్లో పది నిమిషాల్లో నరితా ఊరుంది. స్టేషన్ నుంచి గుడికి ఒమొతెసాందో అనే పాత బజారు వీధి, ముక్కాలు కిలోమీటరు పైన, అంతా నడకే. ఈల్ చేపలను కళ్లముందే కోసి బొగ్గుల మీద కాల్చే అంగళ్లు, ఊరగాయల అంగళ్లు. శాకాహారులు జాగ్రత్త, అక్కడి పులుసుల్లో చాలావాటికి చేప నీళ్లే ఆధారం. మా ఇంటామె ఉమెబొషి అనే పుల్లటి ఊరగాయ పెట్టిన అన్నం ముద్ద కొనుక్కుని ‘మన చద్దిముద్దే కదా ఇది’ అనింది.

వీధి చివర షిన్‌షోజి గుడి. క్రీ.శ. 940లో వెలిసింది. అక్కడి దేవుడు ఫుదో, అంటే కదలనివాడు. సంస్కృతంలో అచలుడు. ఒక చేత కత్తి, ఒక చేత పాశం, వెనక మంటలు. ఆయన ముందు రోజూ అగ్ని వేల్చి మంత్రాలు చదువుతారు. దాన్ని ‘గోమా’ అంటారు. మన హోమం అనే మాటే చైనా మీదుగా అట్లా మారి అక్కడ నిలిచింది. పెద్ద తప్పెట మోగి మంట పైకి లేస్తుంటే మా ఇంటామె తనకు తెలీకుండానే చేతులు జోడించింది.

ఇంకో ముచ్చట. ఆ గుడి షింగోన్ శాఖది. ఆ శాఖ తమ గురుపరంపరలో నాగార్జునుణ్ని చెప్పుకుంటుంది. ఆయన దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం తలుపులు తెరిచి తమ గ్రంథాలు అందుకున్నాడని వాళ్ల నమ్మకం. ఆ స్తూపం మన అమరావతిదే కావచ్చునని ఊహించిన పండితులున్నారు. ఊహే కావచ్చు. కానీ కృష్ణ ఒడ్డు పేరు తలచుకునే కథ ఒకటి ఆ హోమగుండం వెనక ఉందని తెలిసి నిలబడడం వేరు, కూడలిలో జనాన్ని తోసుకుని ఫోటో దిగడం వేరు. మూడు గంటలు అక్కడ గడిపి, రెండున్నర గంటల ముందే విమానాశ్రయానికి చేరినాం. కాళ్లు నొచ్చినాయి గానీ గుండె దడ లేదు.

‘మళ్లీ ఎప్పుడు వస్తారో, నాలుగు ఎక్కువ చూపిస్తే తప్పేంటి?’ అని మా పెద్దోడే అడిగినాడు. మళ్లీ రామనే కదా, చూసిన ఒక్కటైనా మనసులో మిగలాలి? తిరుమలకు పోయి దర్శనం మానుకుని ఏడు కొండలూ లెక్కపెట్టుకుని వచ్చినట్టుంటుంది. హనెదాలో దిగేవాళ్ల సంగతి వేరు, అది ఊరికి దగ్గర. అక్కడి నుంచి అసకుసా ఒక్కటి చూసి రావచ్చు. ఒక్కటే.

టికెట్టు కొనేముందే చూడాల్సింది ఇంకోటి ఉంది. కొన్ని టికెట్లలో నరితాలో దిగి హనెదాలో ఎక్కాలి. చవకని కొంటారు. ఒక విమానాశ్రయం నుంచి ఇంకోదానికి పోవాలంటే దేశంలోకి అడుగుపెట్టాల్సిందే, అంటే వీసా ఉండి తీరాలి. విడివిడిగా కొన్న రెండు టికెట్లలో సామాను బయటికి తీసుకుని మళ్లీ అప్పగించాల్సి వస్తే అప్పుడూ ఇంతే. ఈ సంగతి జాబితాలో లేదు. స్కైట్రీ ఎత్తు 634 మీటర్లని మాత్రం ఉంది.

కాబట్టి కార్యవర్గానికి నా మనవి. సంఘమంటే ఉగాదికి పులిహోర పొట్లాలు పంచడం ఒకటే కాదు. నెలకొక సాయంత్రం చదువుకున్న మన పిల్లలు ఇద్దరు సంఘం గదిలో కూర్చుని, ప్రయాణం ఉన్న పెద్దోళ్లకు వీసా దరఖాస్తు దగ్గరుండి నింపిపెట్టాలి. టికెట్టు తీసి ఏ విమానాశ్రయమో, ఎన్ని గంటలో, సామాను ఎక్కడిదాకా పోతుందో చూసి చెప్పాలి. మొదటి నెల నేనొచ్చి కూర్చుంటాను. గుంపులో జాబితాలు పంపే ఉత్సాహం ఉన్నవాళ్లు రెండో నెల రాండి.

ఈసారి మనవడికి ఫోన్లో గోమా మంటల ఫోటో చూపించినాను. ‘నన్నెందుకు తీసుకుపోలేదు?’ అని అలిగినాడు. వచ్చే ప్రయాణంలో నలుగురం కలిసే గడప దాటుతాం. వాళ్ల నాన్న ఫోన్లోని జాబితా మాత్రం ఇంట్లోనే ఉంటుంది.