బస్సు కిటికీ పక్కన మొదలయ్యే మన కథలు



ఈమధ్య మన తమ్ముళ్లు, చెల్లెళ్లు రాసిన కథలు చాలా చదివాను. సగం కథలు ఒకేలా మొదలవుతున్నాయి. హాస్టల్ నుంచి సెలవులకు ఇంటికి పోయే పిల్లాడు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటాడు. చెట్లు వెనక్కి పోతుంటాయి, మనసు గతంలోకి పోతుంది. తాత, పోడు, ఆకలి, ఫారెస్టోళ్లు అన్నీ వరసగా వచ్చేస్తాయి. చివర్లో కండక్టర్ కేకేస్తాడు, పిల్లాడు కళ్లు తుడుచుకుని దిగుతాడు. కథ అయిపోయింది.

నేనూ మొదట్లో ఇట్లాంటివే రాశాను కాబట్టి చెప్తున్నా. తాత పడ్డ కష్టం గుర్తొచ్చినా రాకపోయినా ఆ పిల్లాడు అదే స్టాపులో దిగుతాడు. మరి ఆ ఫ్లాష్‌బ్యాక్ ఎందుకు?

నా అభిప్రాయం ఒక్కటే. ఇప్పటి పని ఎక్కడ ఆగిపోతుందో అక్కడే గతం రావాలి.

పోడు పట్టా సంగతే తీసుకోండి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కి ముందు నుంచే ఆ భూమి మన సాగులో ఉండాలి. దానికి చూపించే సాక్ష్యాల్లో ఊరి పెద్దల మాట కూడా ఒకటి. అయితే ఆ పెద్దలు హక్కు అడిగేవాళ్లు కాకుండా వేరేవాళ్లు అయ్యుండాలి.

ఇప్పుడు కథ చూడండి. ఒక తాత పక్క చేనోళ్ల గురించి సాక్ష్యం చెప్పాలి. వాళ్లతో గట్టు తగాదా, పదేళ్లుగా మాటల్లేవు. రాసే కుర్రాడు పెన్ను పట్టుకుని "ఎప్పట్నుంచి దున్నుతున్నారు తాతా?" అన్నాడు. తాతకు సంవత్సరం తెలీదు. గట్టు మీది ఇప్పచెట్టు తెలుసు. అది నడుమెత్తు ఉన్న ఏడు తన ఎద్దు చచ్చిపోతే, ఆ పక్క చేనాయనే తన ఎద్దును తోలుకొచ్చి కాడికి కట్టాడు. ఇదే ఫ్లాష్‌బ్యాక్. నాలుగైదు వాక్యాలు చాలు. వెంటనే పెన్ను దగ్గరికి వచ్చేయాలి. కుర్రాడు ఇంకా తాత మొహమే చూస్తున్నాడు. తాత నోరు తెరుస్తాడా లేదా అన్నదే కథ.

"తాత గతంలోకి జారుకున్నాడు" అని రాయక్కర్లేదు, ఇప్పచెట్టు చాలు. మన పెద్దోళ్లు కాలాన్ని చెట్టుతోనో, కరువుతోనో, పుట్టిన పిల్లలతోనో లెక్కగడతారు. మీరూ అట్లాగే రాయండి. ఆ నాలుగు వాక్యాల్లో మీ ఇంటి భాష మాట ఒకటి ఉంటే ఇంకా మంచిది.

"మన బతుకంతా గతమే కదా అన్నా, తక్కువ రాయమంటే ఎట్లా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన మాటే. కానీ 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగాయని రెండు పేరాలు రాస్తే అది పాఠం అవుతుంది. ఆ రోజు నుంచి అంగడికి పోకుండా, ఉప్పుకు కూడా మనవణ్ణే పంపే అవ్వను రాయండి. ఒకరోజు మనవడు "నేను పోను" అన్నప్పుడు అవ్వ ఏం చెప్తుందో రాయండి. అప్పుడు అది కథ.

మీ కథ పూర్తయ్యాక ఫ్లాష్‌బ్యాక్ తీసేసి ఒకసారి చదవండి. ఏమీ తేడా రాకపోతే దాన్ని అక్కడ పెట్టకండి. మన పెద్దోళ్ల గతం చాలా విలువైంది, బస్సు దిగేదాకా కాలక్షేపానికి వాడుకునేది కాదు.

కొత్త కథలు గ్రూపులో పెట్టండి, అందరం చదువుదాం.