ఆట కొరకు ఒక అంగడి



"మా వాడికి సైకిలు మీద గంతులు తప్ప మరో ధ్యాస లేదు" అని చింతించే ఇండ్లు చాలానే ఉంటాయి. ఆ ధ్యాసనే జీవనోపాధిగా మలచుకొని, నలుగురికీ నీడయిన ఇద్దరు అన్నదమ్ముల సంగతి ఈ నెల మీ ముందుంచుతున్నాము.

బి.ఎం.ఎక్స్. అనే సైకిలు పేరు కొందరు వినియుంటారు. 1970 ప్రాంతంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో పిల్లలు మోటారు సైకిలు పందేలు చూచి, తమ చిన్న సైకిళ్లతో మట్టి దిబ్బల మీద అలాగే పందేలు పెట్టుకొన్నారు. అక్కడ పుట్టిన ఆట ఇది. దాని చక్రం 20 అంగుళాలే. ఎత్తు నుండి దూకినా వంగని గట్టి ఫ్రేము దానికి కావాలి. గనుక మామూలు సైకిలు షాపులోని సామాను దానికి సరిపోదు. ఏది విరుగుతుందో, ఏది నిలుస్తుందో తొక్కి పడిలేచిన వానికే బాగా తెలుసు.

ఇంగ్లాండు దక్షిణ తీరంలోని హేస్టింగ్స్ పట్టణంలో రిచ్ మూర్, మార్క్ మూర్ అను సోదరులు ఆ సైకిళ్లు తొక్కినవారే. 2003లో వారు "సోర్స్" అనే దుకాణం ప్రారంభించారు. అన్ని రకాలూ పెడితే గిరాకీ పెరుగుతుందని లోకం అంటుంది. వారు బి.ఎం.ఎక్స్. ఒక్కదానికే కట్టుబడ్డారు. ఒక్క ఊరి గిరాకీతో అలాంటి అంగడి నిలవడం కష్టం. అందుచేత దూర దేశాలకు సహా సరుకు పంపించారు.

అయితే సైకిలు కొన్న పిల్లవాడు ఎక్కడ తొక్కాలి? వీధిలో తొక్కితే పెద్దలు కసరుతారు, బయట వాన. ఆ పట్టణపు సముద్రతీరంలో, నడకదారి క్రింద, 19వ శతాబ్దంలో కట్టిన వైట్ రాక్ స్నానశాల మూతపడి ఏళ్ల తరబడి పాడుగా ఉన్నది. ఆ సోదరులు పట్టణ పాలకవర్గపు తోడ్పాటుతో దానిని బాగుచేయించి, 2016లో సోర్స్ పార్కుగా తెరిచారు. ఒకప్పుడు ఈతకొలను ఉన్నచోట చెక్క ర్యాంపులు లేచాయి. స్కేటుబోర్డు పిల్లలకు కూడా చోటు దొరికింది. 1066లో జరిగిన యుద్ధం పేరునే పెట్టి, "బ్యాటిల్ ఆఫ్ హేస్టింగ్స్" అని జట్ల పోటీలు జరిపారు. ఇతర దేశాల ఆటగాళ్లు సైతం వచ్చారు.

2008లో ఈ పందెం ఒలింపిక్స్‌లో చేరింది. అయినా తొక్కే ప్రతివాడూ ఒలింపిక్స్‌కు వెళ్లడు. ఎక్కువమందికి దక్కేది వేరు: సాయంత్రం వెళ్లడానికి ఒక చోటు, హెల్మెట్ పెట్టుకొమ్మని గద్దించే అన్న, పడినప్పుడు చేయందించే స్నేహితుడు.

అమ్మకం ముందు, ఆదరణ తరువాత అనుకొంటే ఆ పార్కు వచ్చేది కాదు. మీ కుమారుడు గాని కుమార్తె గాని దేనిమీద మనసు పెట్టారో ఈ వారం అడిగి తెలిసికొనండి. తాళం పడిన గది మన ఊళ్లోనూ ఒకటి ఉండవచ్చు. దాని తాళంచెవి ఎవరి వద్ద ఉన్నదో పెద్దలకు తెలియకపోదు.