ఒంటికి అలవాటైందని వదిలేయవద్దు



దోర్నాల, యర్రగొండపాలెం వైపు నల్లమల గూడేల్లోని చెంచులకు మలేరియా ఒంటికి అలవాటైపోయింది, ఇక మందు పిచికారీ, దోమతెరలు దేనికన్న ఒక పాఠకుడి వాదన సగమే నిజం. పదేపదే జ్వరపడిన పెద్దల్లో రక్షణ ఏర్పడుతుందని 1900లో న్యూగినీలో శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ గమనించారు. 1961లో గాంబియాలో పెద్దల రక్తంలోని ప్రతిరక్షకాలను జబ్బుపడ్డ పిల్లలకు ఎక్కిస్తే పరాన్నజీవులు బాగా తగ్గాయి. కానీ ఇది మశూచి ఒకసారి వచ్చిపోయాక దొరికే రక్షణ లాంటిది కాదు. మలేరియా తెచ్చే ఫాల్సిపారం క్రిమి తాను దూరిన ఎర్రకణం పైన ఒక ప్రోటీన్‌ను తొడిగి, దాని రూపాన్ని మారుస్తూ పోతుంది. ఒక రూపానికి తయారైన ప్రతిరక్షకం మరోదాన్ని పట్టలేదు. అందుకే ఈ రక్షణకు ఏళ్లు పడుతుంది, ఆలోగా పసిపిల్లలు బలవుతారు. ఆ రక్షణ వచ్చాక కూడా జ్వరం తగ్గుతుందే గానీ క్రిమి రక్తంలో మిగలవచ్చు. ఒళ్లు కాలని ఆ మనిషి నుంచే దోమ దాన్ని పక్కింటి బిడ్డకు మోస్తుంది. తొలిచూలు గర్భిణికి మాయలో చేరే రకం కొత్త కనుక పాత రక్షణ అంతగా అక్కరకు రాదు.

దోమల్ని అణిచేస్తే ఉన్న రక్షణా పోతుందంటారు. నిజమే, 1980లలో మడగాస్కర్ ఎత్తు ప్రాంతాల్లో నియంత్రణ సడలాక మలేరియా విరుచుకుపడింది. అది పిచికారీని మధ్యలో ఆపకూడదనడానికి సాక్ష్యం, మొదలే పెట్టవద్దనడానికి కాదు. మార్కాపురం, గిద్దలూరు ఆరోగ్య సిబ్బంది వానలకు ముందే గూడేలకు వెళ్లాలి, జ్వరం లేనివారి రక్తం కూడా పరీక్షించాలి.

— ఒక పాఠకుడు, మార్కాపురం